గుహుడి పడవ మీద కొబ్బరినీళ్ళు

మా ఊరి సత్రం గోడ మీద బొమ్మ పాడైపోవడానికి కారణం కిటికీలు కావు. నేను.

ఇంత చిన్న మాట రాయడానికి నాకు ఏళ్ళూ పూళ్ళూ పట్టింది. తెలిసినవాళ్ళ దగ్గర చెప్పబోయిన ప్రతిసారీ అది గొంతు దాకా వచ్చి, పెదవి దాటేసరికి ఇంకో మాటగా మారిపోయేది. ఆ ఏడు వానలు ఎక్కువండీ, అనేవాణ్ణి. పాత గోడ కదండీ, దాని ఆయుష్షు అంతే, అనేవాణ్ణి. అవి అబద్ధాలు కూడా కావు. వానలు ఎక్కువే, గోడ పాతదే. నిజాలను అడ్డం పెట్టుకుని అబద్ధాన్ని దాచుకోవడం ఎంత సులువో నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదేమో. మీరెవరో నాకు తెలియదు. నా పేరుతో మీకు పని లేదు. అందుకే మీ దగ్గర చెప్పుకుంటున్నాను.

కొవ్వూరుకి దిగువన, గోదావరి గట్టుకీ కాలవకీ మధ్య ఉంటుంది మా ఊరు. పూర్వం ఎవరో జమీందారు పుష్కరాలకి వచ్చే యాత్రికుల కోసం కాలవ ఒడ్డున ఒక సత్రం కట్టించాడు. వంటకి వెనక వసారా, పడకకి ముందు పెద్ద హాలు. ఆ హాలు గోడల నిండా రామాయణం బొమ్మలు వేయించాడు. నా చిన్నతనానికే యాత్రికులు పోయి ధాన్యం బస్తాలు వచ్చాయి. బస్తాల వెనక నుంచి మసి పట్టిన ఒక కిరీటమో, ఒక గుర్రం కాలో కనపడుతుండేది. ఏడాదికోసారి శ్రీరామనవమికి మాత్రం బస్తాలు తీయించి, హాలు కడిగించి, అక్కడే సీతారాముల కల్యాణం చేసేవారు.

నేను హైస్కూల్లో డ్రాయింగు మాస్టారిని. ఊళ్ళో దుకాణం బోర్డు రాయాలన్నా, వినాయక చవితి పందిట్లో తెర గీయాలన్నా నన్నే పిలిచేవారు. మా అమ్మ వాళ్ళ నాన్నగారు గుళ్ళలో దేవుడి వాహనాలకి రంగులు వేసేవారు. గరుడ వాహనం, హనుమద్వాహనం ఉత్సవాల ముందు ఆయన చేతిలో పడితే కొత్త పెళ్ళికొడుకుల్లా తయారయ్యేవి. ఆయన మనవడినని చెప్పుకునే సగం గౌరవం సంపాదించాను నేను. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటారు చూడండి, అదే.

తొంభైల చివర్లో, పాత బొమ్మలను కాపాడే పని మీద రాజమండ్రి నుంచి గ్రేస్ గారు మా ఊరికి వచ్చారు. అప్పటికి ఆవిడకి నలభై ఉంటాయేమో. లూథరన్ చర్చికి వెళ్ళే కుటుంబం, నాన్నగారు మిషన్ స్కూల్లో పంతులు. ఆవిడ కెమిస్ట్రీ చదివి, ఆ తర్వాత ఉత్తరాదిన ఎక్కడో గోడ బొమ్మల మరమ్మతు నేర్చుకున్నారు. నూలు చీర కొంగు నడుముకి దోపి, జుట్టుకి గుడ్డ కట్టుకుని నిచ్చెన ఎక్కితే మధ్యాహ్నం దాకా దిగేవారు కారు. ఆవిడకి సాయంగా ఊళ్ళో బొమ్మలు తెలిసిన మనిషి కావాలన్నారు. నేను ఎగిరి గంతేశాను.

ఆవిడ మొదటి రోజు చేసిన పని నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. చెప్పులు బయట విప్పి లోపలికి వచ్చి, ఏదీ ముట్టుకోకుండా, చేతులు వెనక్కి కట్టుకుని గోడ వెంట నడిచారు. గుహుడి బొమ్మ దగ్గర ఆగారు. అది కాలవ వైపు కిటికీలకి ఎదురుగోడ మీద ఉండేది. రాముడు ఒక కాలు పడవలో పెట్టబోతున్నాడు. గుహుడు వంగి, ఆ పాదం ఇత్తడి పళ్ళెంలో పెట్టించుకుని కడుగుతున్నాడు. ఆ పాదధూళి తగిలితే రాయి ఆడదైపోయిందట కదా, నా పడవ కూడా అయిపోతే నా బతుకేం కాను, అన్న కథ. అయితే మా చిత్రకారుడు వేసింది గంగ కాదు, గోదావరి. పడవ మా రేవులో పడవే. గుహుడి తలకి మా పడవవాళ్ళు కట్టే తలగుడ్డే, చెవి మీద సగం కాల్చిన చుట్ట. లక్ష్మణుడు ఆలస్యమవుతోందని విసుగ్గా నది వైపు చూస్తున్నాడు. సీతమ్మ పడవ అంచు పట్టుకుని, గుహుణ్ణి చూసి నవ్వాపుకుంటోంది. ఇక గుహుడి మొహం. భక్తి ఉంది, భయం ఉంది, వీళ్ళని ఇంకాసేపు ఆపగలిగాను కదా అన్న కొంటెతనమూ ఉంది. మసి పట్టి, రంగు వెలిసి ఉన్నా అవన్నీ కనపడేవి.

గ్రేస్ గారు ఆ చుట్ట చూసి నవ్వారు. తర్వాత చాలాసేపు నవ్వలేదు. "ఈ పెయింటర్ గారికి రాముడంటే భక్తండి. గుహుడంటే మాత్రం ప్రాణం," అన్నారు. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్న బొమ్మని ఆవిడ అరగంటలో నాకంటే బాగా చూశారు. నాకు సంతోషమూ కలిగింది, ఎక్కడో చురుక్కుమంది కూడా. ఆ చురుకుని అప్పుడు నేను పట్టించుకోలేదు. పట్టించుకోవలసింది.

ఆవిడ పని చేసే పద్ధతి మా వాళ్ళెవరికీ అర్థమయ్యేది కాదు. పుల్లకి చుట్టిన దూదితో అరచేతి మేర గోడ తుడవడానికి ఒక పూట. ముందు ఒక మూల పరీక్ష చేయాలి, మర్నాడు చూడాలి, ఆ తర్వాతే మిగతాది. హాల్లో దీపం పెట్టవద్దనేవారు, అగరొత్తులు వద్దనేవారు, గోడకి చెయ్యి ఆనించనిచ్చేవారు కారు. సత్రం చూడటానికి వచ్చిన ఆడవాళ్ళు ఎందుకండీ ఇంత మడి అని అడిగితే, ఆవిడ ఊరగాయ సంగతి చెప్పారు. "జాడీలో తడి గరిటె పెడితే ఏమవుతుందండీ? బూజు పడుతుంది కదా. గోడా అంతేనండి. తడి ఎలాగూ దీనికుంది, పక్కనే కాలవ. ఇక తిండి పెట్టేది మనమే. చేతి జిడ్డు, దీపం నూనె, పువ్వులు, మైదా జిగురు, ఏది తగిలినా బూజు బతికేస్తుంది. తడిని మనం పూర్తిగా ఆపలేం. తిండి మాత్రం పెట్టకూడదు." ఆడవాళ్ళకి వెంటనే అర్థమైంది. పక్కనే నిలబడి నేనూ విన్నాను. వినలేదని చెప్పుకోవడానికి నాకు వీల్లేదు.

ఆవిడ చేసిన పనుల్లో పెద్దది కిటికీలు తెరిపించడం. కాలవ వైపు రెండు కిటికీలకీ ఎప్పుడో ఎవరో ఇటుకలు పేర్చి మూసేశారు. గోడకి ఊపిరాడక చెమటలు పడుతున్నాయనీ, గాలి ఆడితే గానీ ఆరదనీ గ్రేస్ గారు పట్టుబట్టారు. సత్రం కమిటీకి ప్రెసిడెంటు వీర్రాజు గారు. పెద్ద రైతు. మంచాయనే, కానీ హాల్లో ఉన్న ధాన్యం బస్తాలు ఆయనవి. బస్తాలు తీయించినప్పుడే ఆయనకి మండింది, కిటికీలనేసరికి ఇంకా మండింది. వానాకాలం జల్లు కొడుతుందన్నారు. కాలవ గాలి తగిలితే గోడ నానిపోతుందన్నారు. గ్రేస్ గారు గాలిలో తేమ కొలిచే గుండ్రటి యంత్రం గోడకి తగిలించి, రోజూ ఆయనకి చూపించి, జల్లు పడకుండా రెక్కలు పెట్టిస్తానని మాటిచ్చి, చివరికి ఒప్పించారు. కిటికీలు తెరిచిన కొన్నాళ్ళకి హాల్లో ముక్కవాసన పోయింది. గోడ కింది భాగం ఆరడం మా కళ్ళతో మేమే చూశాం.

నన్ను ఆవిడ ఎంత మర్యాదగా చూసేవారో చెప్పాలి. దూది పట్టుకునే తీరు నేర్పారు. తొందర్లోనే మీ చెయ్యి నా చెయ్యి కన్నా తేలికండీ మాస్టారూ, అన్నారు. ఆ మాట ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నానో. ఒక్క విషయంలోనే మా ఇద్దరికీ కుదరలేదు. గుహుడి కుడిచేతి వేళ్ళ దగ్గర పెచ్చు ఊడిపోయింది. ఆ వేళ్ళు నేను గీస్తానన్నాను. గీయగలను కూడా. ఆవిడ వద్దన్నారు. "లేని చోట లేదని తెలియాలండీ. ఆయన వేసింది ఎంతుందో అంతే ఉంచుదాం." న్యాయమైన మాట. కానీ నాకు అవమానంగా తోచింది. ఇన్ని నెలలు తుడవడానికి పనికొచ్చిన చెయ్యి గీయడానికి పనికిరాదా? ఈ ప్రశ్న మనసులో పెట్టుకునే రోజూ దూది పట్టుకున్నాను.

శ్రీరామనవమి దగ్గరపడింది. మసి పోయింది గానీ బొమ్మ మెరవలేదు. రంగులు సున్నం మీద పొడిబారినట్టు ఉండేవి. ఒకరోజు వీర్రాజు గారు వచ్చి చూసి, "ఇన్నాళ్ళూ తుడిచింది ఇందుకాండీ? మా పాలేరు చీపురుతో దులిపినా ఇలాగే ఉండేది," అన్నారు. గ్రేస్ గారు నవ్వి ఊరుకున్నారు. నేను ఊరుకోలేకపోయాను. నవమికి చూద్దురుగాని, అన్నాను. ఎందుకన్నాను? కందకి లేని దురద కత్తిపీటకెందుకు అంటారు. నాకు అచ్చంగా ఆ దురదే.

గుడ్ ఫ్రైడేకి ముందు గ్రేస్ గారు రాజమండ్రి వెళ్ళారు, ఈస్టర్ అయ్యాక వస్తానని. తాళంచెవి నా చేతికిచ్చారు. గాలి కోసం కిటికీలు తెరిచి మూయడం తప్ప ఇంకేం చేయవద్దన్నారు.

మా తాతగారికి ఒక కిటుకు ఉండేది. ఉత్సవం ముందు వాహనాల రంగులు వెలిసినట్టుంటే, లేత కొబ్బరినీళ్ళలో తుమ్మబంక నానబెట్టి, వడగట్టి, మెత్తటి కుంచెతో పలచగా పూసేవారు. రంగులు ఒక్కసారి లేచి కూర్చునేవి. చెక్క వాహనాలు ఉత్సవం అయ్యాక పొడిగా ఉండే కొట్లోకి వెళ్ళిపోతాయి. ఎండలో తిరుగుతాయి, దీపాల వేడి తగులుతుంది. గోడ ఎక్కడికీ వెళ్ళదు. కాలవ పక్కనే నిలబడి ఉంటుంది. ఈ తేడా నాకు తట్టలేదా? తట్టింది. తట్టినా, పలచగా పూస్తే ఏమవుతుందిలే అనుకున్నాను. ఊరగాయ సంగతి కూడా గుర్తొచ్చింది. ఒక్క బొమ్మకేలే అనుకున్నాను.

పట్టపగలు, కిటికీల్లోంచి మంచి వెలుగు పడుతుండగా, గుహుడి బొమ్మకి పూశాను. ఒక పూత ఆరాక రెండోది. ఆ క్షణం మీకు చెప్పి తీరాలి, ఎందుకంటే సిగ్గుపడుతూనే ఇప్పటికీ దాన్ని మర్చిపోలేను. గోదావరి నీలం చిక్కబడింది. సీతమ్మ చీర ఎరుపు తేలింది. ఇత్తడి పళ్ళెం మెరిసింది. గుహుడి కళ్ళలో తడి లాంటిది కనపడింది. నా చేతి కింద ఆ మొహం బతికింది అనిపించింది. ఊరి కోసం చేశానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. కాదు. ఆ గోడ మీద నా చెయ్యి పడాలి, అంతే. వేళ్ళు గీయనివ్వలేదు కాబట్టి పూత పూశాను. ఇందులో వీర్రాజు గారి తప్పు ఆవగింజంత కూడా లేదు.

ఈస్టర్ మర్నాడో ఆ మర్నాడో గ్రేస్ గారు వచ్చారు. హాల్లోకి రాగానే గుహుడి ముందు ఆగిపోయారు. పక్కకి వెళ్ళి ఏటవాలుగా చూశారు. భూతద్దం తీశారు.

"మాస్టారూ, దీని మీద ఏమైనా పూశారా?"

"లేదండి."

"పోనీ తడిగుడ్డ పెట్టారా? పెడితే పెట్టానని చెప్పండి, ఫర్లేదు. నాకు తెలిస్తే చాలు."

"ముట్టుకోలేదండీ. గాలి ఆడుతోంది కదా, అందుకని తేలినట్టుంది రంగు."

ఆవిడ నా మొహంలోకి చూశారు. భూతద్దం సంచిలో పెట్టేశారు. "మీరు ముట్టుకోలేదంటే ముట్టుకోనట్టేనండి," అన్నారు.

అంతే. నేను ఇంతకాలం మోసింది ఈ మాటని. అనుమానించి, తిట్టి, నిలదీసి ఉంటే బహుశా ఒప్పేసుకునేవాణ్ణి. నమ్మేశారు. ఒక మూల గోకి పరీక్ష చేయడానికి ఆవిడ సంచిలో అన్నీ ఉన్నాయి. నా మాట ఉంది కదా అని చేయలేదు.

నవమికి ఊరు ఊరంతా గుహుడి ముందే నిలబడింది. పానకం గ్లాసులు పట్టుకుని పెద్దవాళ్ళు పిల్లలకి కథ చెప్పారు. రేవులో పడవ నడిపే ముసలాయన ఒకాయన, "మా తాత కూడా ఇలాగే చుట్ట పెట్టేవాడండి," అని ఏడ్చాడు. వీర్రాజు గారు అందరి ముందూ గ్రేస్ గారికి నమస్కారం పెట్టారు. ఆవిడ ఆ నమస్కారాన్ని నా వైపు తిప్పి, ఈ చెయ్యి మాస్టారిదండీ అన్నారు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

వానలు మొదలయ్యాయి. ఆ ఏడు కాలవ గట్టు దాకా వచ్చింది, ముసురు పట్టి వదలలేదు. ఒకరోజు పొద్దున తలుపు తీసేసరికి గుహుడి భుజం మీద సన్నటి నూగు. బూడిదరంగు నూగు, దాని మధ్య నల్లటి చుక్కలు. వారం తిరక్కుండా మొహానికి పాకింది. పక్క బొమ్మలకి పెద్దగా ఏమీ కాలేదు. సరిగ్గా నేను పూసిన మేరకే పట్టింది. దాని అంచు చూస్తే నా కుంచె ఎక్కడ ఆగిందో నాకు తెలుస్తోంది.

గ్రేస్ గారు ముక్కుకి గుడ్డ కట్టుకుని రోజంతా ఆ గోడ ముందే ఉన్నారు. పొడిగుడ్డతో దులిపేద్దామన్నవాళ్ళని ఆపారు, దులిపితే ఆ పొడి హాలంతా ఎగిరి అన్ని బొమ్మలకీ పడుతుందని. వీర్రాజు గారు మైలుతుత్తం, సున్నం కలిపి పిచికారీ చేయిస్తానన్నారు. తోటలకి తెగులొస్తే మా వాళ్ళు చేసేది అదే. ఆవిడ గోడకి అడ్డంగా నిలబడ్డారు. "బూజు చస్తుందండీ, బొమ్మ కూడా చస్తుంది," అన్నారు. బతిమాలి, గడువు అడిగి, మెల్లగా ఆరబెట్టి, అంగుళం అంగుళం తీస్తూ వచ్చారు. కానీ పూత బిగుసుకుని రంగుని పట్టి లాగింది. నూగుతో పాటు రంగు రేకులు రేకులుగా లేచిపోయింది. సీతమ్మ మిగిలింది. పడవ మిగిలింది. గుహుడి మొహం పోయింది.

ఆవిడ కారణం వెతికారు. నేను పూయలేదన్నాను కాబట్టి పూత సంగతి లెక్కలోంచి తీసేశారు. మిగిలినవాటిల్లో కొత్తగా జరిగింది ఒక్కటే, కిటికీలు తెరవడం. గుహుడు సరిగ్గా ఆ కిటికీలకి ఎదురుగా ఉన్నాడు. ముసురులో కాలవ గాలి తిన్నగా ఆ బొమ్మకే తగులుతుంది. ఒక్క అబద్ధం ఆనుకుని మిగతా నిజాలన్నీ ఎంత చక్కగా నిలబడ్డాయో చూడండి.

కమిటీ కూర్చుంది. నేనూ ఉన్నాను. వీర్రాజు గారు కోపంగా మొదలుపెట్టబోతే, గ్రేస్ గారు లేచి నిలబడ్డారు. కిటికీలు తెరిపించింది నేనండి, వద్దని మీరు చెప్పినా వినలేదు, తప్పు నాదే, అన్నారు. సాకు చెప్పలేదు. వానల మీదకి నెట్టలేదు. కంటనీరు కూడా పెట్టలేదు. చేయని తప్పుని ఒప్పుకోవడానికి ఆవిడకి ఎంత ధైర్యం ఉందో, చేసిన తప్పుని ఒప్పుకోవడానికి అందులో పదోవంతు నాకుంటే చాలేది. ఆవిడ పక్క కుర్చీలోనే ఉన్నాను. లేవలేదు. ఎందుకు లేవలేదు అని నన్ను నేను అడగని రోజు లేదు. జైల్లో పెట్టేవారా? ఉద్యోగం పోయేదా? ఏమీ అయ్యేది కాదు. మాస్టారు అని పిలిచేటప్పుడు ఆ గొంతుల్లో ఉండే చిన్న మర్యాద తగ్గేది. దాని కోసం ఒక మనిషి మంచిపేరు బలిచ్చేశాను.

కిటికీలు మళ్ళీ ఇటుకలతో మూశారు, ఈసారి సిమెంటుతో. గ్రేస్ గారి పని ఆపించారు. ఆవిడ వెళ్ళేటప్పుడు నాకు తన కుంచె ఒకటి ఇచ్చి వెళ్ళారు. దాన్ని ఏనాడూ వాడలేదు. కొన్నాళ్ళకి హాల్లోకి బస్తాలు వచ్చాయి, ముక్కవాసనా వచ్చింది. మిగిలిన బొమ్మల కింద సున్నం ఉబ్బి రాలడం మొదలైంది. కిటికీలు తెరిచి ఉంచితే అవి బతికేవని ఆ ఊళ్ళో నా ఒక్కడికే తెలుసు.

ఇక్కడితో అయిపోయి ఉంటే బహుశా మీకు ఇది రాసేవాణ్ణి కాదు.

కొన్నేళ్ళ తర్వాత రాజమండ్రిలో ఒక కాలేజీలో ఆవిడ పాత కట్టడాల గురించి పిల్లలకి చెబుతున్నారని తెలిసి వెళ్ళాను. క్షమాపణ అడగడానికే బయల్దేరాను. రైలు బ్రిడ్జి మీద ఉండగా మాటలు కూడా పేర్చుకున్నాను. వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. ఆవిడ జుట్టు నెరిసింది, గొంతు అదే. ఇతరుల తప్పులతో కాదు, నా తప్పుతో మొదలుపెడతాను అని పిల్లలకి మా సత్రం కథ చెప్పారు. నది పక్క గోడలకి ఎదురు కిటికీలు తెరవకండి, నేను తెరిచి ఒక గొప్ప మొహాన్ని పోగొట్టాను, అన్నారు. పిల్లలు రాసుకుంటున్నారు. మధ్యలో ఇంకో మాట అన్నారు. జిగురు లాంటివి ఎవరైనా పూసినా, కొత్తలోనే తెలిస్తే దూదితో మెల్లగా తీసేయొచ్చట. అంటే ఆ రోజు ఆవిడ అడిగినప్పుడు అవునండీ అని ఉంటే గుహుడు ఇప్పటికీ ఉండేవాడు. పూత పూయడం నా పొగరు. దానికి మందు ఉంది. బొమ్మని చంపింది నా "లేదండి".

క్లాసు అయ్యాక ఆవిడే నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చారు. పిల్లలకి పరిచయం చేశారు. నాతో పనిచేసినవాళ్ళలో ఇంత నమ్మకమైన చెయ్యి లేదు, అన్నారు. బ్రిడ్జి మీద పేర్చుకున్న మాటలన్నీ ఏమైపోయాయో తెలియదు. కాఫీ తాగి, ఆరోగ్యం అడిగి, తిరుగు రైలెక్కాను.

ఆ పిల్లల్లో ఒకబ్బాయి పెద్దవాడయ్యాడు. ఈమధ్య పెద్దాపురం దగ్గర ఏటి ఒడ్డున ఒక పాత మేడలో గోడ బొమ్మలు బాగుచేయడానికి వచ్చాడు. అప్పటికి నేను రిటైరయ్యాను. మేడగలవాళ్ళు నాకు తెలిసినవాళ్ళే, మీరూ రండి మాస్టారూ అంటే వెళ్ళాను. మంచి గోడలు, ఎదురుగా వరుసగా కిటికీలు, గాలి ధారాళంగా వస్తోంది. బొమ్మలు ఇంతకాలం నిలిచింది ఆ గాలి వల్లే. ఆ అబ్బాయి చుట్టూ చూసి, ఇవన్నీ ఇటుకలతో మూసేయాలండీ, మా మేడం గారి అనుభవం ఇది, అన్నాడు. మేస్త్రీ కొలతలు తీసుకోవడానికి టేపు తీశాడు.

అప్పుడు చెప్పాను. ధైర్యం వచ్చి చెప్పానని అనుకోకండి. ఇంకో గోడ చావడం చూస్తూ నిలబడలేక చెప్పాను. ఆ సత్రం గోడ మీద పూసింది నేనండీ, మీ మేడం గారికి అబద్ధం చెప్పాను, కిటికీల తప్పేం లేదు, మూయకండి, అన్నాను. మేస్త్రీ టేపు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆ అబ్బాయి మొహం ఎర్రబడింది. మేడం గారు ఆ తర్వాత ఎవరూ పిలవక గోడ పని మానేశారు, తెలుసాండీ మీకు, అన్నాడు. నాకు తెలియదు. కాలేజీ పిల్లలకి చెప్పడం ఆవిడకి ఇష్టమై చేస్తున్నారనుకున్నాను. అనుకోవడం నాకు సౌకర్యంగా ఉండి అనుకున్నాను. ఆ అబ్బాయి మళ్ళీ నాతో మాట్లాడలేదు. కిటికీలు మాత్రం మూయించలేదు.

రెండు మూడు రోజులకి మధ్యాహ్నం ఫోను మోగింది. గ్రేస్ గారు. ఆవిడ తిట్టలేదు. ఎందుకు చేశారని అడగలేదు. ఫర్వాలేదనీ అనలేదు. అవతల కాగితం సర్దుకున్న చప్పుడైంది.

"మాస్టారూ, ఏం పూశారండీ?"

చెప్పాను. లేత కొబ్బరినీళ్ళు, తుమ్మబంక.

"ఎన్ని పూతలు?"

"రెండండి."

"నేను ఊరెళ్ళినప్పుడేనా?"

"అవునండి. ఈస్టర్‌కి."

అవతల మళ్ళీ కాగితం చప్పుడైంది. రాసుకుంటున్నారేమో, ఇంకేమైనా చేస్తున్నారేమో, నాకు తెలియదు. తర్వాత మెల్లగా, నాతో కాదు, తనతోనే అనుకున్నట్టు అన్నారు. "అయితే కిటికీలు కాదన్నమాట."

ఫోను పెట్టేశారు. మళ్ళీ చేయలేదు. చేస్తారని నేను ఎదురుచూడటమూ లేదు. ఆవిడ పోగొట్టుకున్న గోడలు నేను తెచ్చి ఇవ్వలేను, గుహుడి మొహమూ తేలేను. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు, అడగలేదు. కానీ మీతో ఒక మాట చెప్పుకోవాలి. ఫోను పెట్టేశాక ఏడుపు రాలేదు. ఊపిరి మాత్రం పూర్తిగా లోపలికి వెళ్ళింది. ఆవిడ అడిగినదానికి ఈసారి నిజం చెప్పాను.